నలభై ఒక్క మూగ స్టార్లు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మా నాన్నగారు చెప్పేవారు. తాను పరిమళిస్తున్నానని పువ్వు బోర్డు కట్టుకోదు కదా అని వారి భావం. అడగందే అమ్మైనా పెట్టదని మా అమ్మ చెప్పేది. ఇద్దరూ దైవభక్తి గలవారే, ఇద్దరూ అబద్ధం ఆడనివారే. పని బాగా చేసేవాడు ఆ సంగతి పదిమందికీ తానే చెప్పుకోవచ్చునా, కూడదా అన్న అనుమానం అలా నన్ను చిన్నప్పుడే పట్టుకుంది. ప్రార్థనలో కూర్చున్నప్పుడు కూడా ఒక్కోసారి గుర్తొస్తుంది. ఇన్నేళ్ళలో తీర్చినవాళ్ళు లేరు. కుట్టుమిషన్ల మెకానిక్ కేసు విన్నాక కొంచెం సర్దుకుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆ ప్రైవేటు పరిశోధకుడి ఆఫీసు ఒక జిరాక్స్ షాపు పైన, మెట్ల మలుపులో ఉండేది. ఆయన్ని అందరూ నిదానం గారనే పిలిచేవారు. తలుపు తట్టినా, తల పగిలినా ఆయన ఒకే వేగంతో లేచేవారు. ఆయన సహాయకురాలిని హడావుడి అనేవారు. ఇరవై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి, అవతలివాళ్ళు హలో అనకముందే లైను కలపడం అలవాటైన మనిషి. నిదానం గారి నోట ఏ మాట వచ్చినా ఆమె నోటుబుక్కులో రాసుకునేది. "ఈ కుర్చీ కాలు ఊగుతోంది" అన్న వాక్యం కింద కూడా ఎర్రగీత ఉంది. అందులో ఏదో లోతైన అర్థం ఉందని ఆమె నమ్మకం.

ఒక మంగళవారం పొద్దున్న, ఆ ఊగే కుర్చీలో ఒంటి నుంచి మిషన్ ఆయిలు వాసన వస్తున్న ఒక పెద్దమనిషి వచ్చి కూలబడ్డాడు. నలభై దాటిన వయసు.

"సార్, నా షాపు పోయిందండి."

"తాళం పగలగొట్టారా?" అడిగారు నిదానం గారు.

"తాళం బాగానే ఉందండి."

"లోపల సామాను?"

"అదీ ఉందండి. షాపూ ఉంది. కానీ పోయింది."

హడావుడి కలం ఆగిపోయింది. నిదానం గారు తన టీ కప్పు అతని ముందుకు జరిపారు. "ముందు తాగండి. ఉన్నది ఎక్కడుందో, పోయింది ఎక్కణ్ణుంచి పోయిందో తర్వాత చెబుదురు గాని."

"ఫోన్లోంచి పోయిందండి," అన్నాడు మెకానిక్, టీ ముట్టకుండానే. "నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. మొన్న మొన్నటిదాకా ఈ ఊళ్ళో ఎవరు ఫోను తీసి కుట్టుమిషన్ రిపేరని వెతికినా మొట్టమొదట నా షాపే వచ్చేది. ఇప్పుడు వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరపాలి. ఎప్పుడో మూతపడ్డ గొడుగుల షాపు కింద ఉన్నాను సార్! షాపులో ఈగలు కూడా లేవు. అవీ ఎదురుగా ఉన్న కుట్టుమిషన్ల షోరూముకే పోతున్నాయి, అక్కడ ఏసీ ఉంది కదా."

"ఇది ఎప్పటినుంచి?"

"పదిహేను రోజుల కిందట, ఒక ఆదివారం. పది నిమిషాల్లో నలభై ఒక్క మంది నా షాపు పేజీ మీద ఒక్కొక్క స్టారు వేసి పోయారు. ఐదుకి నాలుగు పాయింటు ఎనిమిది ఉన్నది రెండు పాయింటు నాలుగుకి పడిపోయింది."

"ఏమని రాశారు?"

"తెలీదండి, నేను చూళ్ళేదు. నా శవాన్ని నేనే పోల్చుకోవాలా సార్?"

అసలు భయం ఆ తర్వాత బయటపడింది. కుట్టు శిక్షణ కేంద్రం ఒకటి తన అరవై మిషన్లనూ ఏడాది పొడుగునా చూసుకునే మనిషి కోసం వెతుకుతోంది. శుక్రవారం వాళ్ళ కమిటీ కూర్చుంటుంది. నాలుగు స్టార్లకు తగ్గినవాళ్ళ పేరు కూడా చదవరట. ఆ పని వస్తే షాపు నిలుస్తుంది. రాకపోతే తలుపు మూసి ఎదుటి షోరూములో పనికి చేరడమే.

"ఆ షోరూము యజమాని నా యూనిఫాం చొక్కాకి కొలతలు కూడా తీసేసుకున్నాడండి," అన్నాడు మెకానిక్. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

మెకానిక్ షాపు రెండు మంచాల వెడల్పు ఉంటుంది. నేల మీద విప్పిన మిషన్లు, సొరుగుల నిండా దారం చుట్టే బాబిన్లు, మూలన తెగిన బెల్టుల గుత్తి. కౌంటరు వెనక అతని భార్య లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె తమ్ముడు. అతన్ని అందరూ డిజిటల్ అంటారు. ఇంటర్నెట్‌లో వ్యాపారాలను పైకి తెస్తానని కార్డు కొట్టించుకున్నాడు.

"షాపుని పైకి తెచ్చింది మీరేనా?" అని అతన్ని అడిగారు నిదానం గారు.

"ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ, అక్కే సార్. రెండేళ్ళుగా బ్లాగు రాస్తోంది."

"మధ్యాహ్నం అన్నం తింటూ ఈయన ఆ రోజు వచ్చిన మిషన్ల జబ్బులన్నీ చెబుతారండి," అంది ఆమె. "సూది మాటిమాటికీ ఎందుకు విరుగుతుంది, కింద దారం ఎందుకు ముడిపడుతుంది, అలాంటివి. వారానికొకటి రాసి పెడతాను. కుట్టుపని చేసేవాళ్ళ గ్రూపుల్లో అవి తిరుగుతుంటాయి."

"వెతికినప్పుడు ఎవరు పైకి రావాలన్నది అలాగే తేలుతుంది సార్," అన్నాడు డిజిటల్. "జనం అడిగేదానికి తిన్నగా జవాబు రాసుండాలి. చదివినవాళ్ళు పదిమందికి పంపాలి. వచ్చి వెళ్ళినవాళ్ళు బాగుందని చెప్పాలి. అలా అక్క రాతల మీద బావ షాపు పైకెక్కింది. స్టార్లు రాలగానే దబ్బున కింద పడింది."

"అంటే ఊళ్ళో మంచిపేరు లాంటిదేనన్నమాట. తెచ్చుకోవడానికి రెండేళ్ళు, పోగొట్టుకోవడానికి పది నిమిషాలు."

హడావుడి గబగబా రాసుకుంది.

"అమ్మా, ఇలా మన గురించి మనం రాసుకోవడం గొప్పలు చెప్పుకున్నట్టు అనిపించలేదా?" అని ఆమెను అడిగారు నిదానం గారు.

"మా గురించి ఎక్కడ రాశానండీ? సూది విరిగినవాళ్ళకి సూది సంగతి చెప్పాను. చివర్లో అడ్రసు పెట్టాను, అంతే."

నా అనుమానం సగం తీరింది ఈ మాట దగ్గరే.

నిదానం గారు డిజిటల్ వైపు తిరిగారు. "మీకూ మీ అక్కకూ ఏదో మాట పట్టింపు వచ్చిందని మీ బావ చెప్పారు?"

"బ్లాగు అడుగున 'ఊళ్ళోకెల్లా బెస్టు మెకానిక్' అని నలభైసార్లు తెల్ల అక్షరాలతో రాశాను సార్. మనుషులకి కనబడదు, వెతికిపెట్టే కంప్యూటరుకి కనబడుతుంది. అది దొంగతనమని అక్క తీసేసింది. కోపం వచ్చిన మాట నిజమే. కానీ కూర్చుని నలభై ఒక్క అకౌంట్లు తెరిచే ఓపికే ఉంటే నేను ఇంజినీరింగ్ పాసై ఉండేవాణ్ణి."

"వీడు చెప్పేది నిజమేనండి," అంది అక్క. ఆ సాక్ష్యం చాలనిపించింది.

నిదానం గారు షాపంతా తిరిగి చూస్తున్నారు. గోడకు మెకానిక్ కూతురి ప్రోగ్రెస్ కార్డు అంటించి ఉంది. ర్యాంకు దగ్గర ఒకటి అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'శభాష్' అని రాసి ఉంది.

"ఈ చేతిరాత ఎవరిది?"

"మా పెద్దత్తయ్యది సార్, మా నాన్న అక్క," అన్నాడు మెకానిక్, తెలియకుండానే నిటారుగా నిలబడుతూ. "హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. నేనూ ఆవిడ బళ్ళోనే చదివాను. మా వాళ్ళలో సగంమంది ఆవిడ చేతిలో గోడకుర్చీ వేసినవాళ్ళే."

"ఆ ఆదివారం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఆ రోజు పెద్దత్తయ్య డెబ్బై ఐదో పుట్టినరోజు. బంధువులందరూ ఆవిడ ఇంట్లో భోజనాలకి వెళ్ళారు. ఎవరిదో పెళ్ళి బట్టలు కుట్టే మిషన్ ఆగిపోయిందంటే మేమిద్దరం ఉండిపోయాం."

"మీ స్టార్ల సంగతి బంధువులకు తెలుసా?"

భార్య కొంచెం సిగ్గుపడింది. "ఆ వారమే తమ్ముడు రాసిచ్చిన ముక్క ఒకటి మా అత్తింటి గ్రూపులో పెట్టానండి." ఫోను తీసి చూపించింది. 'మన షాపుకి అందరూ స్టార్లు వేయండి. మనం ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండాలి' అని ఉంది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. "దండాలు పెట్టారు గానీ ఒక్కళ్ళూ వేసినట్టు లేరు. వేసుంటే మాకు పెరగాలి కదండీ."

"పెరగాలి," అన్నారు నిదానం గారు, ఆ బొమ్మల్నే చూస్తూ.

షోరూము యజమాని నిదానం గారినీ హడావుడినీ ఏసీ కింద కూర్చోబెట్టాడు.

"నేనా? నాకేం లాభమండీ!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అతని దగ్గరికి మిషన్ తెచ్చినవాళ్ళు ఎండలో నిలబడలేక నా షాపులోకి వచ్చేవాళ్ళు. ఊరికే నిలబడితే బాగోదని దారాలో బొత్తాలో కొనేవాళ్ళు. అతను పడిపోయాక నాకూ గిరాకీ పడిపోయింది. అందుకే ఉద్యోగం ఇస్తానన్నాను. కనీసం జనం వస్తారని."

"మీకెన్ని స్టార్లు?"

"నాలుగు పాయింటు తొమ్మిది." ఛాతీ విరుచుకున్నాడు.

హడావుడి అప్పటికే ఫోను తీసి చదువుతోంది. "యజమాని దేవుడు లాంటివారు. జీతం ఒకటో తేదీనే ఇస్తారు." ఆమె తలెత్తింది. "ఇది కస్టమరు రాసిందా అండీ?"

అమ్మకాల కుర్రాళ్ళు ముగ్గురూ ఒక్కసారిగా గాజు తలుపులు తుడవడం మొదలుపెట్టారు.

"ఈయనే సార్!" అంది హడావుడి, రోడ్డు మీదికి రాగానే. "తప్పుడు స్టార్లు వేయించుకునేవాడికి వేయించడం ఎంతసేపు?"

"తనకు వేయించుకునేవాడు మాటలు కూడా రాయించాడు కదా. ఆ నలభై ఒక్కటీ చదువు."

ఆమె చదవబోయి ఆగింది. "చదవడానికి ఏమీ లేదు సార్. ఒక్క అక్షరం లేదు. ఉత్త స్టార్లే."

"విచిత్రంగా లేదూ? పగవాడైనవాడు తిట్టకుండా ఊరుకుంటాడా? తిట్టే అవకాశం వచ్చాక నోరు మూసుకుని పోయే శత్రువుని నేనింతవరకు చూడలేదు. స్టార్ల పక్కన ఆ బొమ్మలేమిటి?"

"వేసినవాళ్ళవి సార్. పేర్ల చోట ఉత్త పొడి అక్షరాలే, బొమ్మలేమో ఆవగింజంత ఉన్నాయి. మొదట గులాబీ. తర్వాత సూర్యోదయం, మళ్ళీ గులాబీ, దేవుడు, ఇంకో దేవుడు. తర్వాత నల్లకళ్ళద్దాల మగవాళ్ళు, పెళ్ళి ఫోటోలు, చంటిపిల్లలు. చివర్లో అన్నీ కార్టూన్లు."

"టైము?"

"రెండూ పది నుంచి రెండూ ఇరవై. పావు నిమిషానికొకటి, గడియారం పెట్టుకుని వేసినట్టు."

నిదానం గారు రోడ్డు దాటుతూ, "భోజనాలయ్యాక," అన్నారు. హడావుడి అది రాసుకుని, ఆకలేస్తోందేమో అనుకుని బిస్కెట్లు కొనుక్కొచ్చింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి అందరూ ఆ ఇరుకు షాపులో చేరారు. మెకానిక్, అతని భార్య, డిజిటల్, షోరూము యజమాని మిషన్ల ముందు ఉండే స్టూళ్ళ మీద సర్దుకున్నారు. శిక్షణ కేంద్రం మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూసుకుంటోంది. ఉన్న ఒక్క కుర్చీలో పెద్దత్తయ్య కూర్చుంది. తెల్లజుట్టు, ఒళ్ళో హ్యాండుబ్యాగు, బ్యాగు జేబులో ఎర్రకలం. ఆవిడ రాగానే షోరూము యజమాని కూడా ఎందుకో చేతులు కట్టుకున్నాడు.

"నా మేనల్లుడి షాపు ముంచినవాడు ఎవడు?" అంది ఆవిడ. "ముందు వాడి మొహం చూపించండి, చెవి మెలేస్తాను. కారణాలు తర్వాత విందాం."

"కారణాలే ముందు వింటే మంచిదమ్మా," అన్నారు నిదానం గారు మృదువుగా. "నలభై ఒక్క మంది. ఒక్కరూ తిట్టలేదు. పగ లేదన్నమాట. బొమ్మలు చూడండి. ముందు గులాబీలూ దేవుళ్ళూ, మధ్యలో పెళ్ళి ఫోటోలు, చివర కార్టూన్లు. గులాబీలు పెట్టుకునేది ఏ వయసువాళ్ళు? కార్టూన్లు ఏ వయసువాళ్ళు? అంటే పెద్దవాళ్ళు ముందు, పిల్లలు వెనక, వయసు ప్రకారం వరసలో నిలబడి వేశారు. పావు నిమిషానికొకరు. పక్కన ఎవరో నిలబడి 'ఊఁ, తర్వాత' అంటుంటే తప్ప మన జనం అంత క్రమంగా కదలరు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలభై మందిని అలా నిలబెట్టగల మనిషి ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటారు?"

మెకానిక్ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"స్టార్లు వేసి మన షాపుని మొదటి స్థానంలో నిలబెట్టమని గ్రూపులో అడిగారు. వేయబోయినప్పుడు ఐదు చుక్కలు కనబడ్డాయి. జీవితమంతా పిల్లలకు ర్యాంకులు ఇచ్చిన మనిషి దృష్టిలో గొప్పది ఏది? ఐదో ర్యాంకా, ఒకటో ర్యాంకా?" నిదానం గారు గోడ మీది ప్రోగ్రెస్ కార్డు చూపించారు. ఎర్రసున్నాలో ఒకటి అంకె మెరుస్తోంది.

షాపులో సూది పడితే వినబడేది. నిజంగానే ఒకటి పడింది, మెకానిక్ చేతిలోంచి.

"ఒకటో ర్యాంకు కంటే ఐదో ర్యాంకు గొప్పా?" అంది పెద్దత్తయ్య. "ఏ బళ్ళో?"

అందరూ డిజిటల్ వైపు చూశారు. అతను స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. "ఇవి ర్యాంకులు కావు పెద్దత్తయ్యగారూ. మార్కులు. ఐదుకి ఎన్ని అని."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "అయితే మా వాడికి ఐదుకి ఒకటి వేయించానా?"

"నలభై ఒక్కసార్లు," అంది హడావుడి నోటుబుక్కు చూసి. నిదానం గారు దగ్గారు.

"చివర్న నిలబడ్డ చిన్నది ఏదో అనబోయింది," అంది ఆవిడ మెల్లగా. "వరసలో మాట్లాడకూడదన్నాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం లేదు. మెకానిక్ ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పోనీలెండి అత్తయ్యా. నా మంచికేగా వేశారు."

"మంచికి వేస్తే ఐదుకి ఒకటి రెండవుతుందా? లే పైకి!" ఆవిడ ఫోను తీసింది. "ఇప్పుడే చెబుతాను, అందరూ ఐదు నొక్కుతారు."

"వద్దమ్మా," అన్నారు నిదానం గారు.

ఆవిడ మాటకు వద్దన్నవాళ్ళను ఆ కుటుంబం అంతవరకు చూడలేదు. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆ నలభై ఒక్క మందిలో మిషన్ బాగుచేయించుకున్నవాళ్ళు ఎందరు? తెలియక ఒకటి వేయడం పొరపాటు. తెలిసి ఐదు వేయడం కాపీ కొట్టడం అవుతుంది. మీరైతే మీ క్లాసులో ఒప్పుకుంటారా?"

షోరూము యజమాని తన బూట్ల వంక చూసుకున్నాడు. పెద్దత్తయ్య నిదానం గారిని పైనుంచి కిందికి చూసింది. మంచి విద్యార్థిని గుర్తుపట్టిన చూపు అది. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రూపుకి చెప్పింది. "నేను పొరపాటు చేశాను. అందరూ మొన్న వేసిన స్టారు తీసేయండి. ఎలా తీయాలో పిల్లల్ని అడగండి. ఈసారి పిల్లలు ముందు, పెద్దలు వెనక. నాలుగింటికి నేను చూస్తాను."

నాలుగు కాకముందే నలభై ఒకటీ పోయాయి. ఆఖరిది ఆవిడదే. డిజిటల్ పేజీ తెరిచి చూపించాడు. నాలుగు పాయింటు ఎనిమిది. వెతికినప్పుడు మళ్ళీ పైకి ఎక్కడానికి కొన్నాళ్ళు పడుతుందని, అక్క రాస్తూ ఉంటే తప్పకుండా ఎక్కుతుందని చెప్పాడు.

శిక్షణ కేంద్రం మేడమ్ తన ఫోన్లోనూ చూసి నిర్ధారించుకుంది. "కమిటీ అడిగేది ఈ అంకె ఒక్కటే. మా అమ్మాయిలు ఈవిడ బ్లాగు చదివే సూదులు మార్చుకోవడం నేర్చుకున్నారని నేనే చెబుతాను. ఇక అడ్డేమీ లేదు, సోమవారం వచ్చి అరవై మిషన్లూ చూసుకోండి." భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. షోరూము యజమాని, "ఆ చొక్కా కొలతలు చించేస్తానులే," అన్నాడు. అతని మొహంలోనూ సంతోషమే కనబడింది.

"నా మిషన్ మూడుసార్లు బాగుచేశాడు వీడు," అంది పెద్దత్తయ్య. "నేను వేయొచ్చుగా?"

"మీరు తప్పకుండా వేయొచ్చమ్మా."

ఆవిడ ఒక్క వేలితో, పైకి చదువుతూ రాసింది. "నా మిషన్ పాతది. చెప్పిన రోజుకి ఇచ్చాడు. మాట తక్కువ, పని శుభ్రం." తర్వాత నాలుగో చుక్క మీద నొక్కి ఆగింది.

"ఇంకొకటుందండీ," అంది హడావుడి ఆత్రంగా.

"ఎవరికీ పూర్తి మార్కులు వేయను. తలకెక్కుతుంది."

అప్పుడు మెకానిక్, నలభై నాలుగేళ్ళ మనిషి, మెల్లగా చెయ్యెత్తాడు.

"ఏమిటి?"

"ఐదో తరగతి లెక్కల పరీక్షలో కూడా ఇలాగే ఒక్క మార్కు కోశారు అత్తయ్యా. జవాబు రైటే. అడిగితే గోడకుర్చీ వేయించారు."

"చివరి లెక్క," అంది ఆవిడ వెంటనే.

"మీకు గుర్తుందా?"

"నా పద్ధతిలో చేయలేదని కోశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నీ పద్ధతిలో చేసి చూశాను. నాకంటే దగ్గర దారిలో చేశావు. మర్నాడు దిద్దాలనుకునే బడికి వచ్చాను. క్లాసు క్లాసంతా నన్నే చూస్తుంటే చెయ్యి రాలేదు." ఆవిడ బ్యాగు జేబులోని ఎర్రకలాన్ని ఒకసారి తాకింది. "ముప్పై నాలుగేళ్ళు అయింది."

హడావుడి కలం తెరిచింది. నిదానం గారు నోటుబుక్కు మీద చెయ్యి పెట్టారు. "ఇది కేసులోది కాదమ్మా."

పెద్దత్తయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఐదో చుక్క మీద గట్టిగా నొక్కింది. వెలిగిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఫోను మేనల్లుడి వైపు తిప్పింది.

"సరిపోయిందా?"

"సరిపోయింది, టీచర్."